సున్నా సూపించు

మా కాలేజీ స్టాఫ్ రూములో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. నా పీహెచ్‌డీ వైవా రోజున బయటి రాష్ట్రం నుంచి వచ్చిన ఎగ్జామినర్‌తో నేను రెండు గంటలు పోట్లాడాననీ, ఆయన ఒక ప్రశ్న వేస్తే నేను నాలుగు వేశాననీ, చివరికి ఆయన గ్లాసుడు మంచినీళ్ళు తాగి, "ఈవిడకి డిగ్రీ ఇచ్చేయండి, నాకు రైలుంది" అని సంతకం పెట్టి పారిపోయాడనీ ఆ కథ. కొత్తగా చేరిన ప్రతి లెక్చరర్‌కీ దీన్ని వినిపించే బాధ్యత మా ఫిజిక్స్ ఆయన తీసుకున్నాడు. చెప్పేటప్పుడు నా గొంతు కూడా పెడతాడు. "మేడమ్ నోటికి ఆ పెద్దాయన దండం ఎట్టేసినాడండీ" అని ముగిస్తాడు. అందరూ నవ్వుతారు. ఒకటి రెండుసార్లు నేనూ నవ్వాను.

ఇక నవ్వను. అది అబద్ధం. వైవా జరిగినంతసేపూ ఫిజిక్స్ ఆయన కింద క్యాంటీన్లో బజ్జీలు తింటున్నాడు, గదిలో లేడు. ఆ రోజు నేను ఎవరినీ వాదించి గెలవలేదు. నా థీసిస్‌లో తప్పుందని నేనే చెప్పాను. నోరున్న ఆడది ఏదైనా సాధిస్తే నోటితోనే సాధించిందని జనం తేల్చేస్తారు. నాకు నోరుంది, కాదనను. కానీ ఆ డిగ్రీ నోటితో వచ్చినది కాదు.

నా సబ్జెక్టు పేరు మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ పూర్తిగా పలకలేరు. ఆపరేటర్ విలువల కోసైన్ ఫంక్షన్లు, అమూర్తమైన సెకండ్ ఆర్డర్ అవకలన సమీకరణాలు. పేరుకి భయపడనక్కర్లేదు, ఉయ్యాల తెలిసినవాళ్ళకి సగం తెలిసినట్టే. ఉయ్యాలని రెండు రకాలుగా కదిలించవచ్చు. పక్కకి లాగి పట్టుకుని, తొయ్యకుండా ఊరికే వదిలేయడం ఒకటి. కదలకుండా ఉన్నదాన్ని ఒక్క తోపు తొయ్యడం రెండోది. వదిలేసిన ఉయ్యాల ఏ క్షణంలో ఎక్కడుంటుందో కోసైన్ చెబుతుంది, తోసిన ఉయ్యాల సంగతి సైన్ చెబుతుంది. ఇంటర్మీడియట్‌లో అందరం బట్టీపట్టిన ఆ రెండే. ఉయ్యాల ఒక్కటైతే లెక్క ఒక్క సంఖ్యతో తేలిపోతుంది. వీణ తీగ మీద ప్రతి బిందువూ ఒక ఉయ్యాలే, పైగా పక్కవాటిని లాగే ఉయ్యాల. ఆ లాగుడంతా కలిపి A అనే ఒక్క అక్షరంలో పెడతాం, దాన్నే ఆపరేటర్ అంటాం. అప్పుడు కోసైన్ కూడా సంఖ్యగా ఉండదు, తానూ ఆపరేటరే అవుతుంది. అయినా స్వభావం మారదు. ఇంకాసేపటికి ఎక్కడుంటుందో తేలాలంటే అంతసేపటి క్రితం ఎక్కడుందో కూడా కలిపి చూడాలనే పాత సూత్రం అలాగే నిలబడుతుంది. ముందుకి చూడాలంటే వెనక్కి కూడా చూడక తప్పదు. అందుకే ఆ సబ్జెక్టు నాకు నచ్చింది.

ముప్పై ఏడో ఏట రిజిస్టర్ చేయించుకున్నాను. శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి పాఠాలు, బజారులో మా ఆయన కిరాణా షాపు, ఇంట్లో వంట, వీటి మధ్యన ఎనిమిదేళ్ళు పట్టింది. నా గైడు విజయనగరంలో ఉండే ప్రొఫెసరు. మాస్టారు అని పిలిచేదాన్ని.

మాస్టారి దగ్గర ఒక ఆచారం ఉండేది. ఎవరికీ వెంటనే రీసెర్చి సమస్య ఇవ్వరు. ముందు ఆయన చేతిరాత నోట్సు, రెండు వందల పైచిలుకు పేజీలు, మొత్తం మన చేత్తో ఎత్తి రాయాలి. జిరాక్స్ తీస్తానంటే ఒప్పుకోరు.

"జిరాక్స్ తీస్తే మిషనుకి వస్తాదమ్మా కోసైన్ ఫంక్షను. నీకు రాదు" అన్నారు నాతో మొదటి రోజే.

రాయడం పూర్తయ్యాక ఆ నోట్సు పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టాలి. ఆయన పేజీ పేజీ తన నోట్సుతో సరిచూసి, ఆఖరి పేజీ కింద సంతకం చేసి తేదీ వేస్తారు. అది పడ్డాకే పని మొదలు. ఆయన కూడా కుర్రతనంలో వాళ్ళ మాస్టారి నోట్సు ఇలాగే ఎత్తి రాసి, ఇలాగే సంతకం పెట్టించుకున్నారట. కాబట్టి ఆయన దగ్గర పరిశోధన చేసిన మా అందరి అలమరాల్లోనూ ఉన్నది ఒకే నోట్సు, చేతిరాతలే వేరు. నాకు పది నెలలు పట్టింది. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా ఒక పేజీ, కాలేజీలో ఖాళీ పీరియడ్ దొరికితే ఒక పేజీ. అయ్యాక పొందూరు ఖద్దరు గుడ్డతో అట్ట కట్టించుకున్నాను. మా ఆయన చూసి, "పెళ్ళి పుస్తకం లాగుందే" అన్నాడు. నిజంగానే అంత గొప్పగా ఉండేది నాకు.

రాష్ట్రం రెండయిన మరుసటి వేసవికి థీసిస్ ఇచ్చేశాను. కొన్నాళ్ళకి ఎగ్జామినర్ల రిపోర్టులు వచ్చాయి, రెండూ బాగున్నాయనే. వైవాకి తేదీ పడింది. ఇంకా పదకొండు రోజులుందనగా, సెలవు రోజు కాబట్టి, మధ్యాహ్నం షాపులో ఫ్యాను కింద కూర్చుని థీసిస్ తిరగేస్తున్నాను. ఒళ్ళో మూడో అధ్యాయం ఉంది. మా ఆయన కాటా దగ్గర నిలబడి చింతపండు తూస్తున్నాడు. అటువైపు నిలబడ్డావిడ కళింగపట్నం పక్క నుంచి చేపలు తెచ్చి అమ్ముకునే మనిషి. తట్ట ఖాళీ అయ్యాక మా షాపుకి వచ్చి సామాన్లు కొనుక్కుని బస్సెక్కుతుంది. మా వైపు అక్కని అప్ప అంటాం, ఆవిడ మా ఇద్దరికీ అప్పే.

"ఆగు సావుకారూ. ముందు సున్నా సూపించు" అంది ఆవిడ.

"సూపించినాను గదప్పా. ఈ కాటా ఎప్పుడైనా అబద్ధమాడినాదేటి?"

"కాటా ఆడదు, మనిషి ఆడతాడు. గిన్ని ఎట్టేసి తూస్తన్నావు. గిన్ని బరువు ఎవులికి? తీసీ. ఖాళీ కాటా సూపించు."

"పదేళ్ళనుంచి వస్తన్నావు. నా మీద నమ్మకం నేదా?"

"నమ్మకం ఉండబట్టే వస్తన్నాను. నమ్మితే సూడకూడదని నీకెవులు సెప్పినారు? రేవులో మా సొంత తమ్ముడికైనా ఖాళీ తట్ట ఎత్తి సూపించి గానీ సేప తుయ్యను నాను." అక్కడితో ఆగకుండా నా వైపు తిరిగింది. "మేస్టరమ్మా, పిల్లలకి లెక్కలు సెప్తావు గదా. నువ్వు సెప్పు, తప్పేటి?"

"తప్పేం లేదప్పా, నువ్వన్నదే రైటు" అన్నాను మా ఆయన మొహం చూస్తూ.

"సూసినావా, ఇంట్లోనే సాక్షి ఉన్నాది" అంది ఆవిడ. మా ఆయన గిన్నె తీసి, అంకెలన్నీ సున్నాలయ్యేదాకా ఆగి, చెయ్యి చాపి చూపించాడు. "సూడండి మహారాణీ గారూ. ఇంటికొకరు తయారైనారు నాకు."

ఇక్కడ కాస్త జాగ్రత్తగా చెప్పాలి. కాటా చూసి లేడీ లెక్చరర్‌కి సిద్ధాంతం తట్టిందని ఎవరైనా రాసుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. కాటా నాకు లెక్క చెప్పలేదు, సిగ్గు మాత్రం తెప్పించింది. ఏటా డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకి మొదటి రోజు నేను చెప్పే మాట అదే. ఏ సూత్రం కనబడినా ముందు సున్నా పెట్టి చూడండి, సున్నాకి నిలబడకపోతే దేనికీ నిలబడదు. ఇరవై ఏళ్ళుగా చాక్‌పీసు ఊపుతూ చెబుతున్నాను. ఒళ్ళో ఉన్న మూడో అధ్యాయంలోని రెండో సిద్ధాంతానికి మాత్రం నేను ఎన్నడూ సున్నా పెట్టలేదు. ఎందుకంటే అది మాస్టారి నోట్సులోది.

ఆ సిద్ధాంతం చెప్పేది ఇదీ. వదిలేసిన ఉయ్యాల ఒక హద్దు దాటకుండా ఊగుతుంటే, తోసిన ఉయ్యాల కూడా ఒక హద్దు దాటకుండానే ఊగుతుంది. వింటే ఎవరైనా అవుననే అంటారు. నేనూ ఎనిమిదేళ్ళు అవుననే అన్నాను. ఆ మధ్యాహ్నం థీసిస్ అంచున పెన్సిల్‌తో, A స్థానంలో సున్నా వేశాను. సున్నా అంటే వెనక్కి లాగేది ఏదీ లేదని అర్థం. అప్పుడది ఉయ్యాల కాదు, పౌడరు బాగా చల్లిన, అంచుల్లేని బోర్డు మీద క్యారమ్ బిళ్ళ. ఊరికే వదిలేస్తే ఉన్నచోటే ఉంటుంది. హద్దు దాటే మాటే లేదు. వేలితో కొడితే పోతూనే ఉంటుంది, ఆపే రాపిడీ లేదు, తిరిగి తెచ్చేదీ లేదు. మొదటి సగం నిజం, రెండో సగం అబద్ధం. సిద్ధాంతం తప్పు.

రెండు నిమిషాలు పట్టింది అది తెలియడానికి. ఖద్దరు అట్ట నోట్సు తెచ్చి ఆ పేజీ తీశాను. రుజువులో మూడో వరుస దగ్గర, రెండు వైపులా ఉన్న A ని కొట్టేసి ఉంది. అది సున్నా కాదని ఎక్కడా చెప్పకుండా కొట్టేసి ఉంది. తొమ్మిదో తరగతి పిల్ల అలా చేస్తే వేళ్ళ మీద కొడతారు. నీలం సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఆ వరుస రాసింది నేనే.

"ఏటే, మొహం అలాగైపోనాది?" అన్నాడు మా ఆయన. చేపలావిడ అప్పటికి వెళ్ళిపోయింది.

"థీసిస్ తప్పు."

"ఎంత తప్పు?"

"మూడో అధ్యాయం."

"మొత్తం ఎన్ని?"

"అయిదు."

ఆయన కాసేపు ఆలోచించాడు. "మరి ఆ పెద్దోళ్ళిద్దరూ సదివి బాగుందన్నారు గదా."

"వాళ్ళూ సున్నా చూడలేదు."

"అయితే నువ్వొక్కదానివే సూసినావన్నమాట" అన్నాడు. ఆయన ఆ మాట మెచ్చుకుంటూ అన్నాడని నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది.

ఆ రెండు రోజులూ కూర్చుని చూస్తే, సిద్ధాంతాన్ని బాగుచేయడం కష్టం కాదని తేలింది. A ని తిరగేయడానికి వీలుండాలి, అంటే తోసినదాన్ని వెనక్కి లాగేది ఎక్కడో అక్కడ గట్టిగా ఉండాలి. ఆ ఒక్క షరతు ముందు పెడితే నోట్సులో ఉన్న రుజువు చక్కగా నిలబడుతుంది. దాని గుట్టు కూడా తేలికే. ఒక బండి తిన్నటి రోడ్డు మీద ముందుకీ వెనక్కీ, ఊరి పొలిమేర దాటకుండా తిరుగుతోందనుకోండి. దాని యాక్సిలరేటరూ బ్రేకూ కూడా ఒక మేరకి మించి తొక్కడం లేదనుకోండి. అప్పుడు బండి వేగం కూడా ఒక మేర దాటలేదు. అంతే. చిక్కల్లా నాలుగో అధ్యాయంతో వచ్చింది. అక్కడ ఈ సిద్ధాంతానికి ఉదాహరణగా రెండు తీగలు చూపించాను. రెండు చివరలూ కట్టేసిన తీగ ఒకటి, రెండు చివరలూ వదిలేసిన తీగ ఒకటి. కట్టేసిన తీగకి షరతు సరిపోయింది. వదిలేసిన తీగకి సరిపోలేదు. దాన్ని తోస్తే క్యారమ్ బిళ్ళలాగే మొత్తంగా జారిపోతుంది.

అంటే తొమ్మిది రోజుల్లో వైవా ఉంది, నా థీసిస్‌లో ఒక అబద్ధమూ, దాని మీద నిలబెట్టిన ఒక ఉదాహరణా ఉన్నాయి. నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. డిగ్రీ వస్తుంది. నోరు తెరిస్తే ఎనిమిదేళ్ళ పని వెనక్కి వస్తుందేమో తెలియదు. జీవితంలో మొదటిసారి నోరు తెరవాలా వద్దా అని ఆలోచించాను.

విజయనగరం వెళ్ళాను. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కి, ఒళ్ళో నోట్సు పెట్టుకుని, నాతవలస మలుపు దాకా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. మాస్టారు వరండాలో పేపరు చదువుతున్నారు. కాగితం మీద సున్నా వేసి చూపించాను. ఆయనకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"రిపోర్టులు వచ్చేసేయి కదమ్మా" అన్నారు.

"వచ్చేయండి."

"వైవా అయిపోనీ. తరవాత దిద్దుబాటు పేపరు ఒకటి వేసుకుందాం. అందరూ చేసే పనే."

"తప్పని తెలిసి ఆ గదిలో నిలబడి రైటని చెప్పమంటారా మాస్టారూ?"

"చెప్పమని అన్నానా? అడక్కపోతే ఊరుకోమన్నాను."

"ఊరుకోవడం నాకు రాదండి. మీకు తెలుసు."

ఆయన నవ్వలేదు. నా నోట్సు తీసి ఆ పేజీ మీద వేలు పెట్టారు. "ఇది నా నోట్సు కాదమ్మా. మా మాస్టారిది. ఆయన బతికున్నంతకాలం ఎవరూ ఆయన రాసిన దాంట్లో ఒక్క తప్పు చూపించలేదు. నువ్వు అక్కడ నిలబడి ఇది తప్పంటే, పోయినాయన్ని పిలిచి బోనులో నిలబెట్టినట్టుంటాది."

"ఆయన పేరు ఎత్తను. తప్పు నాదని చెబుతాను. రాసింది నా చెయ్యే కదా."

లోపల్నుంచి వాళ్ళావిడ కాఫీ తెచ్చి పెట్టింది. అది చల్లారిపోయాక ఆయన అన్నారు: "నీ ఇష్టం. నేను గదిలో కూర్చుంటాను. నోరెత్తను."

తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చింది. అది భయం వల్ల వచ్చిన ఏడుపు కాదు. ఆయన మాట కాదని లేచి రావడం అదే మొదటిసారి.

వైవా రోజున ఆ గదిలో ఇరవై మంది ఉన్నారు. ఎగ్జామినర్ పెద్దాయన, తెల్ల గడ్డం, పొడుగు చేతుల చొక్కా. మాట్లాడింది ఇంగ్లీషులో, నేను మన మాటల్లో చెబుతున్నాను. ఆయన కుర్చీ సర్దుకుని, "మొదలుపెట్టండి" అన్నారు. నేను మొదలుపెట్టిన వాక్యం ఇది:

"మూడో అధ్యాయంలో రెండో సిద్ధాంతం తప్పండి. A కి బదులు సున్నా పెడితే కూలిపోతుంది."

మా మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. పెద్దాయన థీసిస్ తిప్పి ఆ పేజీ తీసి, జేబులోంచి పెన్ను తీసి, తనే సున్నా వేసుకుని చూసుకున్నారు.

"ఇది ఎవరు కనిపెట్టారు?"

"నేనేనండి. పదకొండు రోజుల క్రితం."

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలుసండి. అందుకే చెబుతున్నాను."

షరతు రాసి, బాగుచేసిన సిద్ధాంతం బోర్డు మీద పెట్టాను. ఆయన తలాడించారు. తరవాత నాలుగో అధ్యాయం తీశారు. నాకు కావలసిన ప్రశ్న అదే, భయపడ్డ ప్రశ్న కూడా అదే. "కట్టేసిన తీగ బతికింది. వదిలేసిన తీగ సంగతేమిటి? పారేస్తున్నారా?"

పారేస్తున్నానని చెబుదామనే వెళ్ళాను. ఆ పేజీలు కొట్టేసిన కాగితం కూడా సంచిలో ఉంది. కానీ ఆయన పారేయడం అన్నాక నాకు మనసొప్పలేదు. మా వీధిలో చిల్లుపడిన గిన్నె కూడా ఎవరూ ఊరికే పారేయరు.

"ఒక అరగంట ఇస్తారా?" అన్నాను.

ఆయన గడియారం చూసుకున్నారు. ఇదిగో, ఫిజిక్స్ ఆయన కథలోని రైలు ఇక్కడ వస్తుంది. "నాకు రైలుంది" అన్నారు నిజంగానే. తరవాత వాక్యం మాత్రం కథలో లేదు. "పోతే ఇంకోటి ఉంటుంది. రాయండి."

బోర్డు వైపు తిరిగాను. ఆ తరవాత అరగంట ఆ గదిలో నా గొంతు వినబడలేదు. రెండు గంటలు పోట్లాడిందని పేరుపడ్డ మనిషి, అరగంట ఒక్క ముక్క మాట్లాడకుండా చాక్‌పీసు పట్టుకుని నిలబడింది. మొదట రాసినదంతా తప్పే, తుడిచేశాను. తరవాత తట్టింది. వదిలేసిన తీగని తోస్తే జారిపోయేది దాని సగటు. తీగలోని అన్ని బిందువులూ కలిసి ఒక్కటిగా జారిపోతాయి. ఆ సగటుని తీసి పక్కన పెడితే మిగిలిందానికి షరతు సరిపోతుంది, అది హద్దులోనే ఊగుతుంది. అంటే ఆ తీగ రెండు పనులు ఒకేసారి చేస్తుంది. మొత్తంగా ఊరు వదిలి పోతూ ఉంటుంది, పోతూనే లోపల్లోపల తన ఊపు తాను ఊగుతూ ఉంటుంది. ఆ రెంటినీ విడదీసి రాశాను. పాత సిద్ధాంతంలో ఇది కనబడే అవకాశమే లేదు, అది ఆ తీగ ఎక్కడికీ పోదని అబద్ధం చెప్పింది కదా. తప్పు తీసేయబట్టే ఇది బయటపడింది.

ఇందులో పెద్ద గణితం లేదు, నాకు తెలుసు. ఇంతకంటే గొప్పవి ప్రపంచంలో రోజూ ఎవరో ఒకరు రాస్తారు. కానీ ఎవరి నోట్సులోంచీ ఎత్తి రాయకుండా, ఇరవై మంది ముందు, నా బుర్రలోంచి నేరుగా బోర్డు మీదికి వచ్చినది అదొక్కటే. ఆ బోర్డు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. ఎడమవైపు మూలలో నా చెయ్యి ఆని కొంచెం చెరిగింది కూడా.

వెనక్కి తిరిగేసరికి పెద్దాయన లేచి నిలబడి చదువుతున్నారు. చదివి, "తప్పు మొదట ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగారు.

"నాదేనండి. చూసుకోకుండా రాశాను."

అప్పుడు మా మాస్టారు కుర్చీలోంచి లేచారు. నోరెత్తనన్న మనిషి.

"ఆమెది కాదు. నా నోట్సులోది. సరిచూసి సంతకం పెట్టింది నేను" అన్నారు.

పెద్దాయన మా ఇద్దరినీ చూసి, థీసిస్ మూసి, "నేను కూడా చదివి బాగుందని రాసినవాణ్ణే. అయితే ముగ్గురం. కూర్చోండి" అన్నారు. గదిలో నవ్వు పుట్టింది. కింద క్యాంటీన్లోకి వినబడింది బహుశా ఆ నవ్వే, పోట్లాట కథ అక్కడే పుట్టి ఉంటుంది. సవరణలతో ఆమోదించారు. సవరణలు నాలుగు పేజీలు. అవి లేని థీసిస్ కంటే నాకు ఆ నాలుగు పేజీలే ఎక్కువ.

ఇక్కడితో అయిపోతే ఇదంతా రాసేదాన్ని కాదు.

నెల తిరక్కుండా మాస్టారు ఫోన్ చేశారు. "ఒకసారి రామ్మా" అన్నారు, అంతే. వెళ్ళాను. వరండాలో బల్ల మీద రెండు పాత నోట్సులు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఒకటి నాకు తెలిసినదే, మేమంతా ఎత్తి రాసిన ఆయన నోట్సు. రెండోది అంచులు గోధుమరంగు తిరిగిపోయిన పెద్ద పుస్తకం. వాళ్ళ మాస్టారు పోయాక ఆ ఇంటివాళ్ళు ఇచ్చిన పెట్టెలో ఉందట. అన్నేళ్ళలో ఆ పెట్టె తీయలేదట.

"చూడు" అన్నారు.

పాత పుస్తకంలో అదే సిద్ధాంతం. మొదటి వాక్యమే, A ని తిరగేయడానికి వీలుండాలనే షరతు. నల్ల సిరాతో, గుండ్రటి అక్షరాలతో, ఒక పూర్తి పంక్తి. మాస్టారి నోట్సులో ఆ పంక్తి లేదు. ఎత్తి రాసేటప్పుడు కన్ను ఒక వరుస కిందికి జారిపోయింది, అంతే. ఆ జారిన దగ్గర నుంచి మేమంతా జారాం.

"అయితే మీ మాస్టారు తప్పు రాయలేదు" అన్నాను. నాకు సంతోషంగానే ఉంది, ఆయన కోసం.

"రాయలేదు. కానీ అది కాదు నేను పిలిచింది. పక్కన చూడు."

ఆ పంక్తి పక్కన, మార్జిన్‌లో, పెన్సిల్‌తో సన్నగా ఒక గీత. గీత చివర ఒక అంకె, నూట పన్నెండు. పాత పుస్తకంలో ఆ సిద్ధాంతం ఉన్నది తొంభై ఏడో పేజీ. మాస్టారు తన నోట్సు నా వైపు తిప్పారు. పంక్తి జారిపోయిన ఆ సిద్ధాంతం ఆయన నోట్సులో ఉన్నది నూట పన్నెండో పేజీలో.

సరిచూస్తూ వాళ్ళ మాస్టారు వేసుకున్న అంకె అది. ఆయన నోట్సు ఆఖరి పేజీ నేనే తిప్పాను. అక్కడ వాళ్ళ మాస్టారి సంతకం ఉంది, సరిచూసినట్టు, తేదీతో సహా.

"మీతో ఎప్పుడూ అనలేదా?" అని అడిగాను.

"అనలేదమ్మా. ఆ తరవాత ఆయన దగ్గర అయిదేళ్ళు పనిచేసేను. రోజూ కలిసి టీ తాగేవాళ్ళం." ఆయన పెన్సిల్ గీత మీద వేలు పెట్టారు, తుడుచుకుపోతుందేమో అన్నంత మెల్లగా. "మర్చిపోయి ఉంటారు. పెద్దాయన కదా."

మా ఆయనకి చెబితే ఒప్పుకోలేదు. "మర్చిపోడమేటి? అంకేసుకున్నోడు మర్చిపోతాడా? పరీక్ష ఎట్టినాడు. ఎవుడు సున్నా సూస్తాడో అని కూకున్నాడు. ఎవుడూ సూడనేదు, ఆయన పోయినాడు." మా ఆయన షాపు మనిషి, ఆయనకి మనుషులంతా కాటా అవతల నిలబడి చూసేవాళ్ళలాగే కనబడతారు. పరీక్షే అయితే ఎన్నాళ్ళు ఆగాలనుకున్నారు? కళ్ళ ముందే శిష్యుడు మాస్టారై, అదే తప్పు ఇంకొకళ్ళకి ఎత్తి రాయిస్తుంటే చూస్తూ ఉన్నారా?

ఇప్పుడు నా దగ్గర ఇద్దరు ఆడపిల్లలు పీహెచ్‌డీ చేస్తున్నారు. ఆచారం మానలేదు, నా నోట్సు ఎత్తి రాయిస్తున్నాను. ఆ పంక్తి ఎర్ర సిరాతో రాసి ఉంది. ప్రతి సిద్ధాంతం పక్కనా సున్నా పెట్టి చూశామని వాళ్ళు మార్జిన్‌లో ఒక చిన్న సున్నా చుట్టాలి, అది నేను కలిపిన నియమం. "మేడమ్ సంతకం కన్నా ఆ సున్నాలే ఎక్కువైపోనాయి" అని వెనక సణుక్కుంటున్నారని తెలుసు. సణుక్కోనీ.

మొన్న పెద్దమ్మాయి రాయడం పూర్తి చేసి తెచ్చింది. వారం రోజులు కూర్చుని పేజీ పేజీ సరిచూశాను. రెండు చోట్ల పంక్తులు జారాయి, పిలిచి చూపించాను, అక్కడే నిలబెట్టి రాయించాను. తరవాత ఆఖరి పేజీ తీసి పెన్ను మూత తీశాను. అమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది, నా చెయ్యి కదలడం లేదు. ఒకప్పుడు వాళ్ళ మాస్టారి ముందు కూడా మా మాస్టారు ఇలాగే నిలబడి ఉండి ఉంటారు, ఇరవై మూడేళ్ళవాడు, సంతకం కోసం. వాళ్ళ మాస్టారికి తప్పు కనబడింది, పెన్సిల్ తీసి గీత గీశారు, పేజీ అంకె వేసుకున్నారు. ఎదురుగా ఉన్న మనిషితో ఒక్క ముక్క అంటే సరిపోయేది. అంతా చూసిన మనిషి, చూశానని రాసి పెట్టుకున్న మనిషి, నోరెందుకు మెదపలేదు?